నెమర్టియా అంటే "దారం" అని రాయొచ్చా?

బ్రాడీపేట:
డిగ్రీ జువాలజీకి తెలుగులో నోట్సు రాస్తున్నాం. రిబ్బన్ పురుగుల వర్గం నెమర్టియా గురించి గుంటూరులో దొరికే ఒక గైడులో "నేమా అంటే దారం, అందుకే ఆ పేరు" అని ఉంది. గుండ్రటి పురుగుల వర్గం నెమటోడాకీ అదే అర్థం ఇచ్చారు. రెంటికీ ఒకటే మూలమా? రింకోసీలా అని ఇంకో పేరు కూడా ఉంది. ఏది రాయాలి?

మొగల్రాజపురం:
గైడులోది తప్పండీ. దారం అర్థం నెమటోడాదే. నెమర్టియా మాత్రం నేమెర్టేస్ అనే గ్రీకు పేరులోంచి వచ్చింది. సముద్రదేవుడు నేరియస్‌కి యాభైమంది కూతుళ్లు, వాళ్లలో ఒకామె. 'నే' అంటే లేదు, తర్వాతి ముక్క 'హమర్తానో', అంటే గురి తప్పడం. వెరసి "తప్పనిది". ఇంగ్లీషు లిటరేచర్ వాళ్లు ట్రాజెడీలో చదివే హమార్షియా (నాయకుడి పొరపాటు)దీ ఇదే ధాతువు. నేరియస్ అబద్ధమాడనివాడు, ఈమెది తండ్రి బుద్ధే అంటాడు గ్రీకు కవి హెసియడ్.

1817లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియే ఒక రిబ్బన్ పురుగు ప్రజాతికి (జీనస్) ఆ పేరు పెట్టాడు. వలయాల పురుగుల వర్గం అనెలిడాలో మనం చదివే నీరిస్ పురుగుదీ ఆ నేరియస్ ఇంట్లోంచి వచ్చిన పేరే, లిన్నేయస్ 1758లో పెట్టింది.

బ్రాడీపేట:
"ఈ పురుగు తుండంతో గురి తప్పక కొడుతుంది కాబట్టి" అని రాస్తే పిల్లలకి గుర్తుంటుంది కదండీ?

మొగల్రాజపురం:
గుర్తుకోసం నోటితో చెప్పండి, కారణంగా రాయకండి. తుండం సంగతి చెప్పేది రింకోసీలా: రింకోస్ ముట్టె, కోయిలోస్ బోలు. షుల్ట్‌జె 1851లో పెట్టాడు. పేగుకి పైన ద్రవం నిండిన గొట్టంలో తుండం ఉంటుంది. గొట్టం కండరాలు బిగిస్తే ఆ ఒత్తిడికి, చొక్కా చెయ్యి తిరగేసినట్టు, లోపలి వైపు బయటికి తిరిగి దూసుకొస్తుంది. వెనక్కి లాగేది దాని కొసనున్న కండరం. పేరు అర్థం ఈ బొమ్మతో కలిపి చెప్తే ఇక మరిచిపోరు.

అరండల్‌పేట:
ఏది రాయాలన్నారు కదా, నెమర్టియా రాయండి, వాడుకలో అదే ఎక్కువ. ముందు పెట్టిన పేరుకే హక్కు అనే నియమం కుటుంబ స్థాయి దాకానే, వర్గాలకి వర్తించదు. కువియే ప్రజాతి మాత్రం ఆ నియమానికే పోయింది. అదే పురుగుకి సోవర్బీ 1806లోనే లీనియస్ అని పెట్టేశాడు.

దారం కావాలంటే ఇక్కడుంది: లాటిన్‌లో లీనియా అంటే నారదారం. లాంగిస్సిమస్ అంటే అన్నిటికన్నా పొడవైనది. పూర్తి పేరు లీనియస్ లాంగిస్సిమస్ (గున్నెరస్, 1770). చేత్తో రాసేటప్పుడు రెండు మాటలకీ విడివిడిగా గీత గీయాలి, బ్రాకెట్‌లో ఉన్నదానికి వద్దు. ఆ బ్రాకెట్ ఎత్తేయకండి. గున్నెరస్ ఈ జాతిని మొదట వేరే ప్రజాతిలో పెట్టాడని చెప్పేది అదే.