సోలా టోపీ ఎవరిది?

పాతపెట్టె: మా తాతగారి ట్రంకుపెట్టెలో సోలా టోపీ దొరికింది. పైన ఖాకీ గుడ్డ, లోపల తెల్లటి బెండు, తోలు పట్టీ మీద ఇంకా చెమట మరక. హాల్లో అద్దాల పెట్టెలో పెడదామంటే, అది దొరల టోపీ అని మా తమ్ముడు ఒప్పుకోవడం లేదు. బెంగాల్ చిత్తడి నేలల్లో పెరిగే మొక్క బెండుతో మన పనివాళ్లు చేసినది దొరలది ఎలా అవుతుంది?

కాలువగట్టు: సోలా కాదండీ, సోలార్. ఎండ టోపీ కనుక ఆ పేరు.

పాతపెట్టె: కాదు. మొక్క పేరే సోలా. బెంగాలీ పెళ్లికొడుకు పెట్టుకునే టోపొర్ కూడా ఆ బెండుతోనే చేస్తారు.

నీలిసిరా: ఆకారానికి మూలం ఫిలిప్పీన్స్‌లో పెట్టుకునే సలకోట్ అనే సంప్రదాయ టోపీ అంటారు.

కాలువగట్టు: పేరు సంగతి వదిలేద్దాం. బెండు తూటాను ఆపదు. పైగా 1879లో దక్షిణాఫ్రికాలో జరిగిన జులూ యుద్ధంలో తెల్ల టోపీలు దూరానికే కనబడుతున్నాయని బ్రిటిష్ సైనికులు టీ డికాక్షన్‌తో రంగు మార్చుకున్నారు. ఇది సైన్యానికి ఎందుకు?

పాతపెట్టె: ఎండకు! బెండు నిండా గాలే, వేడి లోపలికి దిగదు. తడిపి పెట్టుకుంటే తల చల్లగా ఉంటుంది.

కాలువగట్టు: మా ముత్తాత కాలువ పనిలో మట్టి తట్టలు మోశాడు. ఆ టోపీ కనబడితే గట్టు దిగి నిలబడాలి. ఒకనాడు దిగలేదని కూలి కోశారు. ఆయన తల మీద పడింది ఎండ కాదా?

పాతపెట్టె: దానికి మా తాతగారిని అంటారేమిటి? ఆయన సర్వే గొలుసు లాగిన మనిషి!

నీలిసిరా: ఇద్దరూ కాస్త ఆగండి. ఉష్ణదేశపు ఎండ తెల్లవాళ్ల మెదడుకు, వెన్నుకు ప్రత్యేకంగా ప్రమాదమని అప్పటి వైద్యులు నమ్మారు. వెన్నుకు మెత్తలు కూడా కట్టించారు. అదే ఎండలో పక్కనున్న సిపాయికి తలపాగానే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం ఆ టోపీని వదిలేసింది, ఆ భయమూ పోయింది. వియత్నాంలో మాత్రం ఫ్రెంచివాళ్ల టోపీ అచ్చునే అట్టతో చేసుకుని సైనికులు పెట్టుకున్నారు.

పాతపెట్టె: మా తాతగారు దాన్ని మొదటి జీతంతో కొన్నారు. అది ఉంటేనే కచేరీ వరండాలో కూర్చోనిచ్చేవారట.

కాలువగట్టు: నా బాధ అదే. ఎండ మాట కాదు, కుర్చీ మాట. హాల్లో పెడితే ఆ సంగతీ, మా ముత్తాత కూలి సంగతీ పక్కన రాసి పెట్టండి.

పాతపెట్టె: కుర్చీ గురించి రాస్తాను. మీ ఇంటి సంగతి మా గోడ మీద ఎందుకు?

కాలువగట్టు: అయితే పెట్టెలోనే ఉంచండి.