పోస్ట్‌ఫిక్స్‌లో రెండు డొమైన్లకు రెండు రిలేలు ఎలా పెట్టాలి?

ప్రశ్న:
ఉబుంటు మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. హోస్టింగ్ వాళ్లు 25వ పోర్టు మూసేశారు కాబట్టి మెయిల్స్ అన్నీ 587లో లాగిన్ పెట్టి రిలే (మన మెయిల్ తీసుకుని ముందుకు పంపే వేరే సర్వర్) నుంచి పంపుతున్నాను. ఒక్క డొమైన్ ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఇప్పుడు అదే సర్వర్ మీదకి ఒక షాపు డొమైన్ వచ్చింది, వాళ్లకి వేరే రిలే అకౌంట్ ఉంది. వాళ్ల బిల్లుల మెయిల్స్‌ని పాత రిలే 550 (తిరస్కరణ కోడ్) కొట్టి తిప్పి పంపుతోంది. సెట్టింగ్స్‌లో రిలేహోస్ట్ (ఏ రిలేకి పంపాలో చెప్పే) లైన్లు రెండు రాస్తే రెండోదే పనిచేస్తోంది. దారి చెప్పండి.

జవాబు 1:
రిలేహోస్ట్‌కి విలువ ఒకటేనండీ, కింద రాసింది పైదాన్ని కొట్టేస్తుంది. దాన్ని మొదటి డొమైన్‌కి వదిలేసి, షాపు కోసం సెండర్ డిపెండెంట్ రిలేహోస్ట్ మ్యాప్స్ (పంపే అడ్రస్‌ని బట్టి రిలే ఎంచే పట్టిక) పెట్టండి. ఆ ఫైల్లో ఎడమ పక్క ఎట్ గుర్తుతో షాపు డొమైన్, కుడి పక్క స్క్వేర్ బ్రాకెట్లలో వాళ్ల రిలే పేరు, వెంటనే కోలన్ 587. బ్రాకెట్లు లేకపోతే ఆ పేరుకి ఎమ్‌ఎక్స్ రికార్డు (డొమైన్‌కి వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పేది) వెతుక్కుంటూ ఎటో పోతుంది. పాస్‌వర్డ్ ఫైల్లో కూడా అచ్చం ఇలాగే ఉండాలి, ఒకచోట బ్రాకెట్లు ఉండి ఇంకోచోట లేకపోతే లాగిన్ లేకుండానే పంపబోతుంది, అవతలివాడు రానివ్వడు. రెండు ఫైళ్లకీ పోస్ట్‌మ్యాప్ (ఫైల్‌ని పోస్ట్‌ఫిక్స్ చదివే డీబీగా మార్చే కమాండ్) కొట్టి రీలోడ్ చేయండి. పాస్‌వర్డ్ ఫైల్‌కీ దాని డీబీకీ పర్మిషన్ 600 (ఓనర్ తప్ప ఎవరూ చదవకుండా).

జవాబు 2:
సెండర్ డిపెండెంట్ అథెంటికేషన్ (పంపే అడ్రస్‌ని బట్టి లాగిన్ మార్చడం) కూడా ఆన్ చేయమని చాలాచోట్ల రాస్తారు. రెండు అకౌంట్లూ ఒకే రిలే సర్వర్‌లో ఉంటేనే అది కావాలి. సర్వర్లు వేరైతే పేరు చూసే పాస్‌వర్డ్ తీసుకుంటుంది. ఊరికే ఆన్ చేస్తే కనెక్షన్ క్యాషింగ్ (తెరిచిన కనెక్షన్‌నే మళ్లీ వాడటం) ఆగిపోతుంది, అంతే లాభం.

అడిగినవారు:
సర్వర్లు వేరే. చేశాను, కమాండ్ లైన్‌లో షాపు అడ్రస్ ఇచ్చి పంపితే వాళ్ల రిలే నుంచే వెళ్లింది. బిల్లులు మాత్రం ఇంకా పాత రిలేకే పోతున్నాయి. ఫ్రమ్‌లో షాపు అడ్రసే ఉంది మరి!

జవాబు 2:
ఆ ఫ్రమ్‌ని ఇక్కడ పోస్ట్‌ఫిక్స్ పట్టించుకోదు బ్రో, ఎన్వలప్ సెండర్‌ని (మెయిల్ అందించేటప్పుడు సర్వర్‌కి విడిగా చెప్పే పంపేవాళ్ల అడ్రస్) చూస్తుంది. బిల్లులు పీహెచ్‌పీ నుంచేనా? మెయిల్ లాగ్‌లో ఫ్రమ్ దగ్గర డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా (వెబ్ సర్వర్ యూజర్ పేరు) అని ఉంటుంది చూడు. మెయిల్ ఫంక్షన్ ఐదో పారామీటర్‌లో మైనస్ ఎఫ్ పెట్టి షాపు అడ్రస్ ఇవ్వు.

అడిగినవారు:
అదే ఉంది! మార్చాక వెళ్తున్నాయి.

జవాబు 1:
ఇకనుంచి బౌన్సులు (మెయిల్ చేరలేదని తిరిగొచ్చేవి) కూడా ఆ అడ్రస్‌కే వస్తాయి, అసలు అలాంటి మెయిల్‌బాక్స్ ఉందో లేదో చూసుకోండి. షాపు ఎస్‌పీఎఫ్ రికార్డులో (ఆ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) వాళ్ల రిలేని చేర్చారా? చేర్చేటప్పుడు డీఎన్‌ఎస్ లుకప్‌లు 10 దాటకుండా చూడండి.