అమెరికా కాంగ్రెస్ అభ్యర్థిని ఎంపిక చేసే హక్కు ఎవరిది?

పరిశోధక విద్యార్థిని: నమస్కారం. నేను రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కాలిఫోర్నియాలో 2010లో ఓటర్లు ఆమోదించిన పద్ధతి ప్రకారం అన్ని పార్టీలవారూ ఒకే ప్రైమరీలో, అంటే అభ్యర్థులను తేల్చే తొలి విడత ఎన్నికలో, పోటీ చేస్తారు; ఏ ఓటరైనా ఓటేయొచ్చు, మొదటి ఇద్దరు నవంబరులో జరిగే అసలు ఎన్నికకు వెళ్తారు. ఇది అన్ని రాష్ట్రాలకూ రావాలని నా వాదన. 2021లో ట్రంప్ అభిశంసనకు ఓటేసిన పదిమంది రిపబ్లికన్ సభ్యుల్లో మరుసటి ఏడాది గెలిచింది ఇద్దరే, వలడేవో, న్యూహౌస్. ఇద్దరివీ ఈ పద్ధతి ఉన్న రాష్ట్రాలే.

ఎడిసన్ రావు: న్యూహౌస్ రాష్ట్రం వాషింగ్టన్‌లోనే హెరేరా బ్యూట్లర్ కూడా అభిశంసనకు ఓటేశారు. ప్రైమరీలో మూడో స్థానంలో నిలిచి ఇంటికి వెళ్లారు. ఆ పేరు ఎందుకు వదిలేశారమ్మా? 2012లో కాలిఫోర్నియా 31వ నియోజకవర్గం మాటేమిటి? డెమోక్రాట్లు నలుగురు ఓట్లు చీల్చుకున్నారు, నవంబరుకు ఇద్దరు రిపబ్లికన్లే మిగిలారు. ఒబామాకు ఆధిక్యం ఇచ్చిన చోట!

శ్రీలత, డల్లాస్: మా టెక్సస్‌లో ఏ పార్టీ ప్రైమరీలో ఓటేయాలో ఆ రోజు మనమే ఎంచుకుంటాం. కొంపలేమీ మునగలేదు.

పరిశోధక విద్యార్థిని: బ్యూట్లర్ పేరు చెప్పకపోవడం నా పొరపాటే. 31వ స్థానాన్ని 2014లో డెమోక్రాట్ గెలిచారు కదా.

ఎడిసన్ రావు: ఆ రెండేళ్లూ అక్కడి ప్రజల తరఫున మాట్లాడిందెవరు? ముందు దానికి జవాబు చెప్పండి.

సుధాకర్, ఫ్రీమాంట్: మా కాలిఫోర్నియాలో 2016 నవంబరులో సెనేట్‌కు మిగిలిన ఇద్దరూ డెమోక్రాట్లే, హారిస్, సాంచెజ్. రిపబ్లికన్ అయిన మా నాన్నగారు ఆ గడి ఖాళీగా వదిలేశారు.

పరిశోధక విద్యార్థిని: ఒక్క నియోజకవర్గాన్నే పట్టుకుని వేలాడుతున్నారు రావుగారూ. మీ న్యూజెర్సీలో 21 కౌంటీల్లో 19 చోట్ల పార్టీ పెద్దలు మెచ్చినవారి పేర్లన్నీ బ్యాలెట్టులో ఒకే వరుసలో ఉండేవి, కాదన్నవారు ఏ మూలకో పోయేవారు. 2024 మార్చిలో కోర్టు అడ్డుకునేదాకా అదే తంతు. మీకు కావలసింది అదేనా?

ఎడిసన్ రావు: ఆ వరుస గురించి నాకు చెబుతారా! పన్నెండేళ్లు ఎండనక మంచనక పార్టీ కోసం తలుపులు తట్టాను. పట్టణ కౌన్సిల్‌కు నిలబడతానంటే, నిన్నగాక మొన్న వచ్చి విరాళమిచ్చిన వ్యక్తికి ఆ వరుస దక్కింది. అది పోవాల్సిందే. అలాగని, ఒక్క గంట పని చేయనివారు వచ్చి మా అభ్యర్థిని తేలుస్తారా? మా ఇంటి పెళ్లికి వరుణ్ణి ఊరంతా ఎంపిక చేస్తుందా?

పరిశోధక విద్యార్థిని: పెళ్లి ఖర్చు ఊరే భరిస్తోంది కదండీ, ప్రైమరీ జరిగేది ప్రజల పన్నులతోనే. నేనుండే పెన్సిల్వేనియాలో ఏ పార్టీలోనూ పేరు లేనివారికి ప్రైమరీలో అభ్యర్థిని ఎన్నుకునే ఓటు లేదు. నా పేరు ఏ పార్టీలోనూ లేదు, పన్ను మాత్రం కడుతున్నాను.

ఎడిసన్ రావు: అయితే ఖర్చు పార్టీయే పెట్టుకుంటే మీకు సమ్మతమేనా? సూటిగా చెప్పండి.

పరిశోధక విద్యార్థిని: కాదు. మా నియోజకవర్గంలో ఎప్పుడూ గెలిచేది ఒకే పార్టీ. డబ్బు ఎవరిదైనా, మా ప్రతినిధి ఎవరో ప్రైమరీలోనే తేలిపోతుంది. ఆ రోజు నేను ఇంట్లో కూర్చుంటున్నాను.