స్ప్రింక్లర్ లైన్ చివర నీళ్లు దూరం పడట్లేదు, లోపం ఎక్కడుంది?

మాది అనంతపురం జిల్లా. రెండెకరాల్లో వేరుశనగ వేశాం, ఇప్పుడు ఊడలు దిగే దశ. బోరుకు 5 హెచ్‌పీ మోటార్. 63 ఎంఎం పైపు మీద 12 మీటర్లకు ఒకటి చొప్పున 12 స్ప్రింక్లర్లు పెట్టాం. మొదట్లోవి చక్కగా తిరుగుతున్నాయి. చివరి మూడూ నీరసంగా తిరుగుతూ, పొగలా కాకుండా లావు చినుకులు దగ్గర్లోనే పోస్తున్నాయి. మధ్యాహ్నానికి అక్కడి ఆకు ముడుచుకుపోతోంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

నాజిల్‌కు ట్యూబ్ తొడిగి 20 లీటర్ల బకెట్ పట్టాను. మొదటిది 50 సెకన్లలో నిండింది, చివరిది 58. లైన్ మొదట్లో ప్రెషర్ గేజ్ 2 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) చూపిస్తోంది. చివర నేల సుమారు 2 మీటర్లు ఎత్తు. 10 మీటర్ల ఎత్తుకు 1 కేజీ లెక్కన అక్కడ పోయేది 0.2 మాత్రమే కదా! మిగతా ప్రెషర్ తగ్గేది పైపు రాపిడికేనా? పైపులు కలిపే రెండు కప్లర్ల దగ్గర రబ్బరు రింగులు కారుతున్నాయి, అవి ఈరోజే మారుస్తాను.

నాలుగు స్ప్రింక్లర్లు మూసేస్తే చివరివి బాగా తిరుగుతున్నాయి. అలా ఎనిమిదేసి నడపడం మేలా, లేక మొదటి సగం 75 ఎంఎం పైపు వేయాలా? కరెంటు ఉండే గంటలు తక్కువ, అదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.