చిరుతపులి ఫొటో కోసం బాట దిగవచ్చా, రాత్రి దీపం వేయవచ్చా?

లెన్సుసంచి:
దక్షిణాఫ్రికాకు వెళ్లి చిరుతపులిని ఫొటో తీయాలని నాలుగేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాను. (మన పత్రికలు చీతాను కూడా చిరుత అనే రాస్తుంటాయి కాబట్టి చెబుతున్నాను, నేను అడుగుతున్నది వేటను చెట్టుమీదికి ఈడ్చుకుపోయే చిరుతపులి గురించి.) క్రూగర్ జాతీయ ఉద్యానంలో సొంత వాహనంతో వెళ్లినవారు బాట దిగకూడదు, గేట్లు మూసే వేళకు శిబిరం చేరుకోవాలి. దాన్ని ఆనుకొని కంచె లేకుండా ఉన్న సాబీ శాండ్స్ ప్రైవేటు అభయారణ్యంలో మాత్రం గైడు చిరుత వెనకాలే పొదల్లోకి వాహనం నడుపుతాడు, చీకటి పడ్డాక స్పాట్‌లైట్ వేస్తాడు. నన్ను వేధిస్తున్నది అక్కడయ్యే ఖర్చు కాదు. అలా తీసిన ఫొటో నిజాయితీగల ఫొటోయేనా, ఆ పద్ధతి వల్ల జంతువుకు హాని లేదా అన్నదే నా ప్రశ్న.

మరూలా నీడ:
నేను సాబీ శాండ్స్‌కు రెండుసార్లు వెళ్లాను, మూడోసారి కూడా వెళ్తాను. అక్కడి చిరుతలు వాహనాన్ని పట్టించుకోకపోవడం వెనుక పెద్ద చరిత్ర ఉంది. సాబీ శాండ్స్‌లోనే ఉన్న లొండొలోజీలో 1979 నుంచి ఒక ఆడచిరుతను ఏళ్ల తరబడి ఓపికగా, దూరం పాటిస్తూ అనుసరించగా, ఆమె వాహనాలకు అలవాటు పడింది. తర్వాతి తరాలు కూడా వాహనాన్ని ముప్పుగా చూడలేదు. అలవాటు పడటం వేరు, మచ్చిక కావడం వేరు. ఆహారం పెట్టి రప్పించినది కాదు కాబట్టి అది అడవి జంతువే. పైగా మీసాల పైవరుసకు పైన ఉండే మచ్చలను బట్టి గైడ్లు ఒక్కో చిరుతను గుర్తుపట్టి, ఎవరి పిల్లలు ఎవరు, ఎవరి హద్దు ఎక్కడ అని రాసి పెట్టారు. ఆ వివరాలు పరిశోధకులకు ఎంతో ఉపయోగపడ్డాయి. బాట దిగకుండా ఇదంతా సాధ్యమయ్యేది కాదు.

అడవిబాట:
మరూలా నీడ గారూ, బాట దిగడం గురించి మీరు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. వానలకు తడిసిన నేల మీద చక్రాల గాడులు చాలాకాలం చెరగవన్నది నిజమే అయినా, వచ్చే వాహనాలు తక్కువై, గైడుకు నేల తెలిసి ఉంటే ఆ నష్టాన్ని అదుపులో ఉంచవచ్చు. నేను ఎక్కువగా భయపడేది గుంపుకు. కెన్యాలోని మసాయి మారాలో ఒక జంతువు దగ్గర అయిదు వాహనాలకు మించకూడదన్న నియమం ఉన్నా, తలేక్ నది ఒడ్డున చిరుత ఉన్న చెట్టు చుట్టూ అంతకు ఎన్నో రెట్లు వాహనాలు చేరడం నేను చూశాను. అది కిందికి దిగడానికి దారి వెతుక్కుంటూ కొమ్మ మీదే అటూ ఇటూ తిరిగింది.

అయితే దీపం సంగతి పూర్తిగా వేరు, దీన్ని బాట దిగడంతో కలిపి మాట్లాడకూడదని నా గట్టి అభిప్రాయం. చిరుత పరుగుతో గెలిచే జంతువు కాదు. పొదల చాటున పాకుతూ కొన్ని మీటర్ల దూరానికి చేరితే గాని దానికి వేట దక్కదు, ఆ చేరువకు చీకటే దాని ఆసరా. మనం దీపాన్ని చిరుత మీద వేస్తే జింక మేలుకుంటుంది, జింక మీద వేస్తే వెలుగుకు కళ్లు చెదిరి ఎటు పారిపోవాలో తెలియక నిలబడిపోతుంది. ఎటు తిప్పినా ఆ రాత్రి ఎవరు బతకాలో నిర్ణయించేది మన దీపమే. జాంబియాలోని దక్షిణ లువాంగ్వాలో రాత్రి సఫారీకి అనుమతి ఉంది. అక్కడ ఒక రాత్రి మేము అడిగినందువల్లే దీపం పట్టుకున్నాయన దాన్ని ఒక పుకూ జింక వైపు తిప్పారు. అది కదలలేదు, కొన్ని క్షణాల్లోనే చిరుత దాని మీద పడింది. ఆ ఫొటోలు స్పష్టంగా వచ్చాయి, అయినా ఇప్పటివరకు ఎవరికీ చూపలేదు. తప్పు ఆయనది కాదు, అడిగిన మాది.

నిజాయితీ గురించి లెన్సుసంచి గారు అడిగారు. వాహనానికి అలవాటు పడిన చిరుత అనీ, రాత్రి దీపం వెలుగులో తీశామనీ ఫొటో కింద రాస్తే చాలు. దాచినప్పుడే అది అబద్ధమవుతుంది. అసలు వాహనం నుంచి ఎదురుగా వేసిన దీపంలో కళ్లు మెరిసి, ముఖం చదునుగా కనిపించే ఫొటో కన్నా, సూర్యుడు అస్తమించాక మిగిలిన నీలి వెలుగులో కెమెరా కాంతి గ్రహణశక్తిని (ఐఎస్ఓ) 6400కు పెంచి, లెన్సును గింజల సంచి మీద ఆనించి తీసిన ఫొటోయే, కాస్త గరుకుగా ఉన్నా, నాకు అందంగా కనిపిస్తుంది.

మరూలా నీడ:
పుకూ సంగతి చదివాక వాదించాలని లేదు. మేము వెళ్లిన చోట చిరుత వేటకు వంగగానే గైడు దీపం ఆర్పి, ఇంజను ఆపేశాడు. చీకట్లో ఏం జరిగిందో మాకు వినపడింది తప్ప కనపడలేదు. కొందరు అతిథులు విసుక్కున్నారు. నాకైతే ఆ ప్రయాణంలో అన్నిటికన్నా గుర్తుండిపోయిన నిమిషాలు అవే. అలాంటి గైడు దొరికితే దీపంతోనూ ఇబ్బంది లేదని మాత్రం ఇప్పటికీ అంటాను.

లెన్సుసంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సాబీ శాండ్స్‌కే వెళ్తాను. గది ఖాయం చేసే ముందు లాడ్జికి మూడు ప్రశ్నలు రాసి పంపుతున్నాను: ఒక చిరుత దగ్గర ఎన్ని వాహనాలను అనుమతిస్తారు, చిన్న పిల్లలున్న తల్లి దగ్గరికి ఎప్పటి నుంచి వెళ్తారు, వేట మొదలైతే దీపం ఆర్పుతారా? మూడోదానికి సూటిగా అవునని జవాబు రాకపోతే ఇంకో లాడ్జిని అడుగుతాను.