60 మంది క్లాసులో చిన్న వైట్‌బోర్డులు పనికొస్తాయా?

డిగ్రీ ఫస్టియర్‌కి లెక్కలు చెప్తాను. అర్థమైందా అంటే అందరూ తలూపుతారు, పరీక్షలో చూస్తే ఖాళీ పేపర్లు. తలా ఒక చిన్న వైట్‌బోర్డు ఇచ్చి జవాబు రాసి చూపించమందామని ఉంది, కానీ కాలేజీ డబ్బులివ్వదు. ఎవరైనా చేశారా?

జవాబు 1: బోర్డులెందుకండీ, తెల్ల ఏ4 కాగితం ప్లాస్టిక్ కవర్లో పెడితే చాలు, మార్కర్‌తో రాసి పాత గుడ్డతో తుడిచేయొచ్చు. ఇద్దరికొకటి ఇస్తాను. నేను "ఎత్తండి" అనేదాకా ఎవరూ చూపించకూడదు, లేకపోతే ముందు బెంచీని చూసి వెనకవాళ్లు దించేస్తారు. మొన్న ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అడిగితే సగం బోర్డుల మీద 2ఏబీ లేదు! అక్కడే ఆగి మళ్లీ చెప్పాను.

జవాబు 2: పలకా బలపం మళ్లీ వచ్చాయన్నమాట :) మార్కర్లకి మాత్రం ఎవడూ మూత పెట్టడు, ఎండిపోతాయి.

ప్రశ్న అడిగినవారు: కవర్ల ఐడియా బాగుందండీ, సోమవారం ఒక సెక్షన్‌లో చూస్తాను.