పడగ, కొమ్ము, వాలిన పువ్వు: ఎక్స్‌రే గుర్తులకు తెలుగు పేర్లు

మూత్రవ్యవస్థ ఎక్స్‌రేలు, స్కాన్‌ల మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఈ బొమ్మల్లో కనిపించే ఆకారాలకు డాక్టర్లు పోలికలతో పేర్లు పెట్టుకున్నారు: కోబ్రా హెడ్, డ్రూపింగ్ లిలీ, స్టాగ్‌హార్న్, గోబ్లెట్, ఫిష్‌హుక్. తెలుగు లిపిలో అలాగే రాసి ఊరుకోవచ్చు. కానీ పోలిక పెట్టిందే చూడగానే గుర్తుపట్టడానికి కదా, ఆకారం మనసులో మెదలకపోతే ఆ పేరు ఉండీ లాభం లేదు. అందుకే ఒక్కో మాటా మీ ముందు పెడుతున్నాను.

ముందు కోబ్రా హెడ్. మూత్రనాళం చివర మూత్రాశయంలోకి బుడగలా ఉబ్బినప్పుడు, రంగుమందు ఇచ్చి తీసిన ఎక్స్‌రేలో ఆ ఉబ్బు తెల్లగా, చుట్టూ సన్నని నల్లని అంచుతో కనిపిస్తుంది. దీనికి 'పాము తల' అని రాసినవాళ్లున్నారు. నాకది నచ్చలేదు. పోర్చుగీసులో కోబ్రా అంటే ఉత్త పాము. పడగ ఉన్న పాము అనడానికి వాళ్లు 'కోబ్రా డి కపెలో' అన్నారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మాటలోంచి పడగ జారిపోయి పాము మిగిలింది. మనకా ఇబ్బంది లేదు, 'పడగ' అన్న ఒక్క మాటలోనే ఆ వెడల్పూ ఆ ఒంపూ ఉన్నాయి. నేను 'పడగ గుర్తు' అనే రాస్తాను. ఆ నల్లని అంచు మందంగానో ఎగుడుదిగుడుగానో ఉంటే మాత్రం అది మామూలు ఉబ్బు కాకపోవచ్చు, కణితి ఉందేమో చూడాలి. కాబట్టి పడగతో పాటు అంచునూ చెప్పాలి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది డ్రూపింగ్ లిలీ. కొందరిలో ఒకే కిడ్నీ నుంచి రెండు మూత్రనాళాలు వస్తాయి. పై భాగపు నాళానికి అడ్డు పడితే ఆ భాగం ఉబ్బిపోతుంది, రంగుమందు అందులోకి సరిగా చేరదు, బొమ్మలో కనపడదు. కింది భాగం మందుతో నిండి తెల్లగా కనిపిస్తుంది. కాకపోతే పైనున్న ఉబ్బు నెట్టడంతో కిందికీ పక్కకీ ఒరుగుతుంది. దీన్ని 'వాడిన లిల్లీ' అంటే అర్థమే తలకిందులవుతుంది. అసలు జబ్బు కనపడని పై భాగంలో ఉంది, కనపడుతున్న పువ్వులో కాదు. వాడడం పువ్వు లోపల్నుంచి వచ్చేది, వాలడం పైబరువుకి జరిగేది. ఇక్కడ కావలసింది వాలడమే.

లిల్లీ అన్న మాటతోనూ చిక్కే. తెలుగులో లిల్లీ అంటే చాలామందికి కాడ పొడవునా పూసే చిన్న తెల్లపూలు గుర్తొస్తాయి. కలువ అందామంటే అది నీటిమీద పైకి చూస్తూ విచ్చుకునే పువ్వు. పువ్వు పేరు వదిలేసి 'తలవాల్చిన పువ్వు' అంటే సరిపోతుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఫిష్‌హుక్‌కి గాలం ఉండనే ఉంది. ప్రోస్టేట్ పెరిగి మూత్రాశయం అడుగును పైకెత్తితే మూత్రనాళాల చివరలు గాలంలా వంగుతాయి.

జవాబు: తలవాల్చిన పువ్వు బాగుంది. స్టాగ్‌హార్న్ రాయిని 'జింకకొమ్ము రాయి' అంటే సరిపోతుందా?

నా జవాబు: జింక అనగానే కృష్ణజింక గుర్తొస్తే కష్టం. దాని కొమ్ములు మెలితిరిగి ఉంటాయి, కొమ్మలు వేయవు. ఈ రాయి కిడ్నీ లోపలి గిన్నెలన్నిట్లోకీ శాఖలుగా పాకుతుంది. కాబట్టి 'దుప్పికొమ్ము' అనాలి. ప్రోటియస్ వంటి బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి మూత్రాన్ని క్షారంగా మార్చినప్పుడు ఇలాంటి రాళ్లు పెరుగుతాయి.

ఇంకో జవాబు: హార్స్‌షూ కిడ్నీని 'గుర్రపుడెక్క' అని రాసింది చూశాను. డెక్క గుర్రం కాలిది, నాడా దానికి కొట్టే ఇనుముది. రెండు కిడ్నీలు కింది కొసల దగ్గర కలిసిన ఒంపు నాడాలోనే ఉంది. ఇక గోబ్లెట్‌కి, అంటే కాడ ఉన్న తాగే గిన్నెకి, గరాటు అనకూడదా?

నా జవాబు: నాడా విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను. గరాటు దగ్గర ఆలోచించాలి. నాళంలో రాయి అడ్డుపడితే దాని కింద నాళం సన్నగానే ఉంటుంది. మెల్లగా పెరిగే కణితి అయితే కింద కూడా నాళం వెడల్పవుతుంది, కణితి అందులో కూర్చున్నట్టుంటుంది. గరాటు జారవిడుస్తుంది, పట్టుకుని ఉండదు. కాడ ఉన్న గిన్నె కావాలి. 'చషకం' సరైనదే గానీ కావ్యాలు చదివినవాళ్లకే తెలుస్తుంది. ఇంతకన్నా తేలిక మాట దొరికేదాకా అదే ఉంచుతాను.

మరో జవాబు: క్షయ తొలిదశలో కిడ్నీ గిన్నెల అంచులు చిరుగులు పడతాయి, దాన్ని మాత్ ఈటెన్, అంటే బట్టల పురుగు తిన్నట్టున్నది, అంటారు. 'చెదపట్టిన' అనకండి, చెద కొయ్యను లోపల్నుంచి గుల్ల చేస్తుంది. ఇక్కడ పోయేది అంచు. 'పురుగు కొట్టిన అంచు' అనండి, బట్టకైనా ఆకుకైనా మనం అనే మాటే.